ఒక్కో పెట్టెలో ఒక్కో ఎలుక

మా మేనత్త ఒంటికి ఏ వాసనా ఉండదు. వాసన లేని సబ్బుతో స్నానం చేస్తుంది, వాసన లేని సబ్బుతోనే బట్టలు ఉతుక్కుంటుంది. తలకు నూనె రాసుకున్నా ఆదివారం ఉదయం రాసుకుని, సాయంత్రానికల్లా రుద్ది కడిగేసుకుంటుంది. సెంటు సంగతి చెప్పనక్కర్లేదు. ఆమె పని చేసే చోట ఎలుకలకు కొత్త వాసన తగిలితే బెదిరిపోతాయి. తిండి మానేస్తాయి. ఈనిన ఎలుకైతే కంగారులో తన పిల్లల్నే తినేస్తుంది. అందుకని అత్త తన ఉనికి గాలికి కూడా తెలియకుండా బతకడం అలవాటు చేసుకుంది.

అయినా ఆమె మా గుమ్మంలో అడుగు పెట్టగానే మా తమ్ముడు ముక్కు ఎగబీల్చి, "ఎలుకల అత్త వచ్చిందోయ్!" అని అరిచేవాడు. అమ్మ వాడి నెత్తిన ఒక మొట్టికాయ వేసి, వాడికంటే గట్టిగా నవ్వేది.

"ఏమ్మా ఆడపడుచా, ఇవాళ ఎందరికి పురుడు పోశావు?"

"లెక్కపెట్టలేదు వదినా. అందరూ ఒక్కలాగే ఉన్నారు, మీ తమ్ముడి పిల్లల్లా."

అందరూ నవ్వేవారు. అత్త కూడా నవ్వేది. నవ్వుతూనే కిటికీ పక్క కుర్చీ వెతుక్కుని, మోకాళ్ళు దగ్గరకు పెట్టుకుని కూర్చునేది. భోజనాలకు అందరితో పాటు కూర్చోమంటే, "నాకిప్పుడే ఆకలి లేదు, మీరు కానివ్వండి" అనేది. అందరూ లేచాక వంటింట్లో నిలబడి నాలుగు ముద్దలు తినేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అంతే. ఆమెను పక్కన కూర్చోవద్దని ఎవరూ అనలేదు. కూర్చోమని రెండోసారి కూడా ఎవరూ అనలేదు.

అత్త పని చేసేది మెడికల్ కాలేజీ వెనక, ప్రయోగాలకు ఎలుకల్ని పెంచే యానిమల్ హౌస్‌లో. బయటి నుంచి చూస్తే పాత గోదాములా ఉంటుంది, కిటికీలు ఉండవు. లోపలికి వెళ్ళాలంటే రెండు తలుపులు దాటాలి. మొదటి తలుపు మూసుకున్నాకే రెండోది తెరుచుకుంటుంది. ఆ రెండింటి మధ్య ఉన్న చిన్న గదిలో అత్త రోజూ చెప్పులు విడిచి, గౌను, టోపీ, మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుంటుంది. అవన్నీ వేసుకున్నాక మనిషిలో మిగిలేవి కళ్ళే. లోపల గోడల పొడవునా ఇనుప అరలు, అరల నిండా పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలు. ఒక్కో పెట్టెలో చెక్కపొట్టు, మూత మీద తిండి బిళ్ళలు, తలకిందులుగా పెట్టిన నీళ్ళ సీసా, గూడు కట్టుకోవడానికి ఒక టిష్యూ కాగితం. దీపాలు వాటంతటవే వెలుగుతాయి, వాటంతటవే ఆరుతాయి. ఎలుకలకు పగలెప్పుడో రాత్రెప్పుడో ఒక గడియారం నిర్ణయిస్తుంది.

అత్త చాలా ఏళ్ళు పురిటి గదిలో పని చేసింది. అంటే ఎలుకల్ని జత కట్టించి, పిల్లల్ని పెంచి, పాలు మరిచాక వేరు చేసే గది. అందుకే మా అమ్మ పురుడు హాస్యం. వయసులో ఉన్నప్పుడు ఆమెకూ సంబంధాలు వచ్చాయి. ఒకరు ఉద్యోగం మాన్పిస్తామన్నారట, ఒకరు "ఎలుకల్ని పెంచుతుందా!" అని పగలబడి నవ్వి వెళ్ళారట, ఒకరు మళ్ళీ కబురే పెట్టలేదు. తరవాత రావడం మానేశాయి. ఏది ఆఖరిదో ఎవరికీ గుర్తులేదు. నాన్న తన చెల్లెలి కోసం బెంగ పెట్టుకోవడం కూడా ఎప్పుడో మానేశాడు, పాత దెబ్బ నొప్పి మానేసినట్టు.

ఆమె గది ఒక టైలరు షాపు మీద. కింద మిషను చప్పుడు, పైన ఆమె నిశ్శబ్దం. నేను ఆదివారాలు పుస్తకం పట్టుకుని అక్కడికి వెళ్ళేదాన్ని. మా ఇంట్లో చదువుకోవాలంటే తమ్ముడి క్రికెట్టు, అమ్మ ఫోను, ఎదురింటి కుక్క ముగ్గురి అనుమతీ కావాలి. అత్త గదిలో ఏ అనుమతీ అక్కర్లేదు. ఆమె మంచం మీద, నేను గుమ్మంలో. గంటల తరబడి మాట ఉండేది కాదు. ఆమె సామాను గూట్లో రెండు కంచాలు ఉండేవి. పైది రోజూ తోమేది, కిందిది బోర్లించి ఉండేది. నేను తిన్న రోజున దాన్ని దులిపి, కడిగి పెట్టేది. ఏడాదిలో ఆ కంచం ఎన్నిసార్లు తడిసిందో వేళ్ళ మీద చెప్పొచ్చు.

అలాంటి అత్త ఒక ఆదివారం నాతో తనంతట తానే మాట్లాడింది.

"ఒసే పుస్తకాల పురుగా, ఊపిరితిత్తుల గురించి నీకేమైనా తెలుసా?"

"రెండుంటాయి" అన్నాను.

"అబ్బో! ఎమ్మే చదివి నేర్చుకున్నావా?" అని నవ్వింది. "మా సగం డాక్టరమ్మ చెప్తే తెలిసింది, అవి తిత్తులే కాదంట. సబ్బునీళ్ళ నురగంట."

సగం డాక్టరమ్మ అంటే పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి. చదువు పూర్తయితే డాక్టరు, ఇంకా పూర్తవలేదు కాబట్టి సగం. ఆ పేరు అత్త పెట్టిందే. ఆ అమ్మాయి పని కోసమే అత్తను పురిటి గది నుంచి ప్రయోగాల గదికి మార్చారు. అక్కడ అందరూ అత్తను "ఏమ్మా" అనో, "ఇదిగో" అనో పిలిచేవారు. ఆ అమ్మాయి మొదటి రోజే "అక్కా" అంది. మొదటి వారంలోనే మధ్యాహ్నం తన భోజనం డబ్బా పట్టుకుని, అత్త ఒంటరిగా కూర్చుని తినే వెనక మెట్ల మీదకు వచ్చేసింది.

"అక్కడ కూర్చోకమ్మా, క్యాంటీన్‌లో కూర్చో. నా దగ్గర వాసన" అందట అత్త.

"నాకూ ఆ వాసనే కదక్కా. ఇద్దరం ఒకే కంపెనీ సెంటు" అందట ఆ అమ్మాయి.

ఆ మాట నాకు చెబుతూ అత్త చాలాసేపు నవ్వింది. ఆ తరవాత ఆమె డబ్బాలో రెండో చెంచా ఒకటి చేరింది.

ఆ అమ్మాయి పరిశోధన కణాలు ఎలా చనిపోతాయన్న దాని మీద. జబ్బు చేసిన ఊపిరితిత్తుల్లో ఏ కణం ఎలా పోతుందో ఆమె చూస్తుంది. అత్త అది విని మొదట ఒప్పుకోలేదట. చావు చావే, అందులో రకాలేమిటి అని. మెట్ల మీద కూర్చుని, చెంచాతో గాలిలో గీస్తూ ఆ అమ్మాయి చెప్పిందంతా అత్త నాకు మళ్ళీ చెప్పింది. నాకు సైన్సు రాదు. అత్త చెప్పినంత వరకే నాకు తెలుసు.

ఊపిరితిత్తుల నిండా లెక్కలేనన్ని గాలి బుడగలు ఉంటాయి. బుడగ గోడ ఎంత పల్చనంటే, చాలా చోట్ల ఒక్క కణం మందం. గోడకు ఇవతల గాలి, అవతల నెత్తురు. ఆ కణాల్లో ముసలివైపోయినవి కొన్ని రోజూ చనిపోతూనే ఉంటాయి. ఆ చావు చాలా మర్యాద గలది. కణం తన సామాను తానే కోసుకుని, చిన్న చిన్న మూటలు కట్టుకుని, ముడుచుకుపోతుంది. పక్కనున్న కణాలో, ఊడ్చే పని చేసే కణాలో ఆ మూటల్ని మింగేస్తాయి. ఒక్క చుక్క బయట ఒలకదు. వాపు లేదు, మంట లేదు.

"పక్కవాళ్ళకి కూడా తెలీకుండా పోతుందా, పాపం" అందట అత్త.

"పక్కవాళ్ళకే తెలుస్తుందక్కా. పోయే ముందు నన్ను ఎత్తుకో అని గుర్తు చూపిస్తుంది. ఇంకెవరికీ తెలీదు, అంతే."

రెండో చావు వేరు. క్రిమి లోపలికి దూరిందని పసిగట్టిన కణం తన గోడకు తానే చిల్లులు పెట్టుకుంటుంది. దొంగ దాక్కున్న ఇంటిని యజమానే కూల్చుకున్నట్టు. నీళ్ళు లోపలికి తన్నుకొస్తాయి, కణం ఉబ్బుతుంది, పగులుతుంది. లోపలున్నదంతా బయట పడుతుంది. ఆ ఒలికిందే కేక. ఆ కేక విని నెత్తుట్లోంచి తెల్ల కణాలు పరుగున వస్తాయి. అవి సాయానికే వస్తాయి. కానీ వాటి చేతుల్లో ఉన్నవి క్రిముల్ని కాల్చే మందులు, అవి క్రిమినీ కాలుస్తాయి, గోడనూ కాలుస్తాయి. పని అయ్యాక ఆ తెల్ల కణాలు మర్యాదగా ముడుచుకుని పోతే ఫరవాలేదు. అవీ పగిలితే ఇంకో కేక, ఇంకో గుంపు. గోడ పడిపోయాక నెత్తుటి నీరు బుడగల్లోకి చేరుతుంది. గాలి ఉండాల్సిన చోట నీళ్ళు. మనిషి మంచం మీదే, ఒడ్డునే మునిగిపోతాడు.

"అంటే ఇల్లు తగలబడుతుంటే ఆర్పడానికి వచ్చినోళ్ళే ఇంకో నాలుగిళ్ళు తగలబెడతారన్నమాట."

"కరెక్టుగా అంతే అక్కా."

"మా వదిన తరపు చుట్టాలు."

అంటే మా అమ్మ వైపు వాళ్ళు. ఈ మాట నేను ఇంట్లో చెప్పలేదు.

ఆ అమ్మాయి దగ్గర ఒక మందు ఉంది. కణం తన గోడకు పెట్టుకునే చిల్లుల్ని అది మూసేస్తుంది. చిల్లు లేకపోతే పగలదు, పగలకపోతే కేక లేదు, కేక లేకపోతే గుంపు రాదు. అది నిజమో కాదో ఎలుకల్లో చూడాలి. క్రిముల పైపొర నుంచి తీసిన పదార్థాన్ని ఎలుకల ముక్కులో చుక్కగా వేస్తే వాటి ఊపిరితిత్తులు వాస్తాయి. సగం ఎలుకలకు మందు, సగానికి ఉత్త ఉప్పునీళ్ళు. చుక్క వేశాక ప్రతి ఎలుకనూ విడిగా పెట్టాలి, ఏది ఎంత తిన్నదీ ఎంత బరువు తగ్గిందీ తెలియాలి కాబట్టి. ఒక్కో పెట్టెలో ఒక్కో ఎలుక. మందు గుంపు తలుపు దగ్గరి అరలో, నీళ్ళ గుంపు అవతలి గోడ అరలో. కొన్ని రోజుల తరవాత వాటిని నొప్పి తెలియకుండా చంపి, ఊపిరితిత్తులు కోసి చూస్తారు. ఆ పని ఆ అమ్మాయిది. అత్తది అప్పటిదాకా చూసుకోవడం. చనిపోతాయని తెలిసి ఎలా చూసుకుంటావని ఒకసారి అడిగాను. "చనిపోతాయని తెలీకుండా ఎవరిని చూసుకుంటున్నామే?" అని నా మొహం చూసి, "పని పనే. తినేలోపు అన్నం మాడకూడదు కదా, ఇదీ అంతే" అంది.

చుక్క వేసిన మర్నాటి నుంచి కాలేజీకి వరసగా సెలవులు వచ్చాయి. ఆ అమ్మాయి సొంత అక్క పెళ్ళికి వెళ్ళింది. అత్త ఒక్కతే డ్యూటీ.

ఆ సెలవుల్లో చల్లగాలి యంత్రం పాడైంది. ఆగిపోవడం కాదు, ఆగకపోవడం. ఎంత తగ్గించినా చలి కక్కుతూనే ఉంది. మెకానిక్‌కు ఫోను చేస్తే, "సెలవుల్లో ఎలకలకి చలేస్తే నేనేం చెయ్యనమ్మా, రేపొస్తా" అన్నాడట. గాలి వచ్చే జాలీ సరిగ్గా తలుపు దగ్గరి అర పైన ఉంది. అవతలి గోడ దాకా అంత చలి పోదు. అరలు గోడకు బిగించి ఉన్నాయి, జరపడానికి లేదు. అత్త చూస్తుండగానే జాలీ కింది పెట్టెల్లో ఎలుకలు వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉండల్లా ముడుచుకున్నాయి. టిష్యూ కాగితం పక్కనే ఉన్నా చింపి గూడు కట్టుకునే ఓపిక లేదు. పురిటి గదిలో ఇన్నేళ్ళూ ఆమె నేర్చుకున్నది ఒకటే: వణికే ఎలుకను ఒంటరిగా వదలకూడదు, పక్కన ఇంకోదాన్ని పెట్టాలి. ఆ పనికి ఆమె చేతులు ఆలోచన కోసం ఆగవు. అవి ఆడ ఎలుకలు, ఒకే కాన్పులో పుట్టినవి, కొట్టుకోవు. తోకల మీద ఒక్కోదానికీ రంగు గుర్తు ఉంది, తారుమారు కావు. ఆమె జాలీ కింది అరలోని ఎలుకల్ని రెండేసి చొప్పున ఒకే పెట్టెలో పెట్టింది. కాసేపటికి వణుకు తగ్గిందట. ఒకదాని మెడ కింద ఇంకొకటి తల దూర్చి పడుకున్నాయట. మర్నాడు మెకానిక్ వచ్చి యంత్రం బాగుచేశాక, గుర్తులు చూసి దేని పెట్టెలో దాన్ని వదిలేసింది. అంతటితో ఆ సంగతి మరిచిపోయింది. గిన్నె మీద మూత పెట్టినంత మామూలు పని అది ఆమెకు.

ఆ తరవాత ఆ అమ్మాయి వచ్చింది. ఎలుకల పని ముగిసింది. ఊపిరితిత్తుల్ని మైనంలో పోతపోసి, ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, రంగులు వేయడానికి కొంత కాలం పట్టింది. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి అత్త చెయ్యి పట్టుకుని మైక్రోస్కోపు గదికి లాక్కుపోయింది.

"చూడక్కా! ముందు దీన్ని చూడు."

అత్త ఒక కన్ను మూసి చూసింది. ఊదారంగు చుక్కలు, చుక్కల మీద చుక్కలు, ఖాళీ లేదు.

"ఇది ఉప్పునీళ్ళది. ఇప్పుడిది చూడు."

ఈసారి అత్తకు లేసు అల్లిక కనిపించిందట. సన్నని దారాలు, మధ్యలో శుభ్రమైన ఖాళీలు.

"ఆ ఖాళీలే గాలి అక్కా. మందు పని చేసింది! ప్రొఫెసర్ గారు మీటింగ్‌లో చెప్పేద్దామంటున్నారు. ఇంకెవరూ కాదనలేరు. రెండు గుంపులకీ అన్నీ ఒకటే కదా. అదే తిండి, అదే పొట్టు, అదే గాలి, అన్నీ విడివిడిగా ఒంటరిగానే ఉన్నాయి. మందొక్కటే తేడా."

అత్త కన్ను ఇంకా మైక్రోస్కోపు మీదే ఉంది. దాన్ని అక్కడి నుంచి తీయడానికి చాలాసేపు పట్టిందని ఆమె నాకు చెప్పింది. తీశాక, "బాగుందమ్మా" అంది. ఆ రోజు ఇద్దరూ కలిసి తిన్నారు. ఆ అమ్మాయి అత్త డబ్బాలోంచి తీసుకుని తింటూ, నవ్వుతూ, పెళ్ళిలో తన బావ జారిపడ్డ కథ చెప్పింది.

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి అత్త ఒకే గిన్నెను తోముతూ ఉంది. కడిగి, చూసి, మళ్ళీ పీచు తీసుకుంది. నేను పుస్తకం తెరిచాను. అత్త నా వైపు తిరగకుండానే జరిగింది మొత్తం చెప్పింది.

"ఎవరికైనా తెలుస్తుందా అత్తా?"

"ఎవరికి తెలుస్తుంది? నేనొక్కదాన్నే ఉన్నా. ఎలుకలు చెప్పవు."

"వెచ్చగా ఉండటం వల్లే బాగయ్యాయంటావా? మందు వల్ల కూడా అయ్యుండొచ్చు కదా."

"అయ్యుండొచ్చు. కాకపోయుండొచ్చు. అదే కదే గొడవ. ఎందువల్లో ఇప్పుడు ఆ దేవుడికి కూడా తెలీదు."

కింద టైలరు మిషను ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు మరీ చిన్నదయింది.

"చెప్తే ఇంక నాతో తినదు."

పుస్తకాల్లో ఇలాంటి చోట ఎవరో ఒకరు సరైన మాట అంటారు.

"చెప్పకపోతే?" అన్నాను.

"చెప్పకపోతే రేపో ఎల్లుండో ఆ మందు ఎవరికో ఇస్తారు. ఊపిరాడక మంచం పట్టిన మనిషికి. పని చేస్తుందని నమ్మి ఇస్తారు." గిన్నె బోర్లించింది. "ఆ మనిషి పక్కన వెచ్చగా ఇంకో మనిషిని నేను పడుకోబెట్టలేను కదా."

సోమవారం చెప్పేసింది. మైక్రోస్కోపు గది గుమ్మంలోనే నిలబడి చెప్పిందట, లోపలికి వెళ్ళకుండా. ఆ అమ్మాయి మొదట హాస్యమనుకుంది.

"ఎన్నింటిని అక్కా?"

"జాలీ కింది అర. మొత్తం."

"అది మందు గుంపు."

"తెలుసమ్మా."

"నాకు ఫోన్ చెయ్యొచ్చు కదా?"

"పెళ్ళిలో ఉన్నావు. చలికి వణుకుతున్నాయి, కలిపి పెట్టా. అంతే. అది చెప్పాల్సిన సంగతని కూడా నాకు తోచలేదు."

ఆ అమ్మాయి మైక్రోస్కోపు దీపం ఆర్పింది. దాని మీద ప్లాస్టిక్ ముసుగు వేసింది. ముసుగు అంచులు సరిచేసింది. "సరే అక్కా" అంది. గొంతు పెంచలేదు.

కేకలేసింది యానిమల్ హౌస్ పెద్దాయన, పశువైద్యుడు. "ఇన్నేళ్ళ సర్వీసమ్మా నీది! ఇదేమన్నా మీ ఇంట్లో కోళ్ళ గూడా, ఇష్టమొచ్చినట్టు కలపడానికి?"

"మా ఇంట్లో కోళ్ళు లేవు సార్" అంది అత్త. ఎదురు చెప్పాలని కాదు. నిజంగానే లేవు.

ప్రయోగం మొత్తం మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలన్నారు ప్రొఫెసర్. అత్తను ఉద్యోగంలోంచి తీయలేదు, కడుగుడు గదికి మార్చారు. ఆ గదిలో ఎలుకలుండవు. వాడేసిన పెట్టెలు ఒక కిటికీలోంచి వస్తాయి. పొట్టు దులిపి, పెట్టెను పొడవాటి యంత్రంలో ఒక వైపు పెడితే, వేడినీళ్ళలో తడిసి, ఆవిరి కక్కుతూ ఇంకో వైపు బయటికొస్తుంది. యంత్రం రొదకు పక్క మనిషి మాట వినిపించదు. పక్క మనిషి ఎలాగూ లేడు.

ఆ అమ్మాయి మెట్ల మీదకు రావడం మానేసింది. ఎదురుపడితే తల ఊపేది. అంతకుమించి ఏమీ లేదు. "తిట్టి ఉంటే బాగుండేదే" అంది అత్త ఒక ఆదివారం. "నాలుగు తిడితే నేను ఏడ్చేదాన్ని, అదీ ఏడ్చేది, అయిపోయేది. 'సరే అక్కా' అంది. దాన్ని నేనేం చేసుకోను?" రెండో చెంచా మాత్రం డబ్బాలో అలాగే వెళ్ళి అలాగే వచ్చేది. తీసేయొచ్చని ఆమెకూ తెలుసు.

ఒకటి మాత్రం ఆమెకు తప్పలేదు. రెండోసారి ప్రయోగం నడిచిన రోజుల్లో ఆ పెట్టెలు కూడా కడగడానికి ఆమె దగ్గరికే వచ్చేవి. ఏది మందు గుంపుదో, ఏది ఉప్పునీళ్ళదో వాటి మీద ఉండదు. కానీ పెట్టెలో టిష్యూ కాగితం ఉంటుంది. ఒంట్లో బాగున్న ఎలుక దాన్ని పీచు పీచుగా చింపి గిన్నెలాంటి గూడు కట్టుకుంటుంది. ఆ పెట్టెల్లో చాలావాటిలో కాగితం మడత విప్పకుండా, వేసింది వేసినట్టే ఉంది. సగం పెట్టెల్లోనైనా గూళ్ళుండాలని ఆమె ప్రతి పెట్టె తెరిచి చూసేది. ఆ అమ్మాయికైనా నిజంగా పని చేసిన మందు దక్కితే తన తప్పు చిన్నదవుతుందని. "పొట్టుతో పాటు ఆ కాగితాలు కూడా దులిపి పారేస్తుంటే, ఎవరి ఇల్లో ఖాళీ చేస్తున్నట్టుంది" అంది నాతో.

నేను ఎం.ఏ. పరీక్షల హడావిడిలో పడి కొన్ని ఆదివారాలు వెళ్ళలేదు. మళ్ళీ వెళ్ళిన రోజు అత్త గుమ్మంలో కూర్చుని ఉంది, నా చోట్లో. నేను లోపలికెళ్ళి మంచం మీద కూర్చున్నాను.

"వచ్చిందే" అంది.

ఎవరని అడగనక్కర్లేదు.

మధ్యాహ్నం వేళ అత్త యంత్రం పక్కనే బోర్లించిన పెట్టె మీద కూర్చుని తింటోందట. ఆ అమ్మాయి ఆవిరిలోంచి వచ్చి నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి. వంగి, రొదకు అత్త చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. "మందు పని చెయ్యలేదక్కా. రెండు గుంపులూ ఒకటే. చిల్లులు మూసేస్తే కణాలు పగలట్లేదు, కానీ ఇంకో దారి వెతుక్కుని చచ్చిపోతున్నాయి. ఒక తలుపేస్తే ఇంకో తలుపు. నేను ఒక్క తలుపే చూశా."

"నువ్వేమన్నావు?" అన్నాను.

"ఏమంటానే? అందులో నాకేం తెలుసు? తిన్నావా అని అడిగా."

"తిన్నానందా?"

"తిన్నానంది. అబద్ధం. దాని మొహం చూస్తే తెలీదూ? చెంచా తీసి పక్కన పెట్టా. ముట్టుకోలేదు." అత్త మోకాళ్ళ మీద చేతులు కట్టుకుంది. "ఇంకో పెట్టె బోర్లించుకుని కూర్చుంది, నా పక్కనే. నా డబ్బా అయ్యేదాకా కూర్చుంది."

"ఏం మాట్లాడుకున్నారు?"

"ఏం లేదు. యంత్రం ఆపితే మళ్ళీ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. అందుకని ఆపలేదు."

కింద టైలరు ఎవరి జాకెట్టో కుడుతున్నాడు. మిషను సాగుతూ, ఆగుతూ ఉంది. అత్త లేచి సామాను గూడు దగ్గరికెళ్ళి, కింది కంచం తీసి, పైట కొంగుతో దులిపి, కడగడానికి పట్టుకెళ్ళింది.